చిన్నాయన రాయని వాన

పోయిన నెల ఒక పొద్దున ఆదోని నుంచి తమ్ముడు వచ్చి, చెప్పులైనా విప్పకుండా "అక్కా, చిన్నాయన పోయినాడు" అన్నాడు. వెంటనే ఆదోని బస్సెక్కాను. కూర్చున్నాక, ఏడుపు కంటే ముందు నవ్వొచ్చింది. ఆ బస్సుల్లోనే చిన్నాయన తన సినిమా మాటలన్నీ పైకి చదువుకుంటూ తిరిగేవాడు. మొగుడి మాట మోటుగా, పెండ్లాం మాట సన్నగా. ఒకసారి ఆడగొంతుతో ఏడుస్తుంటే కండక్టరు బస్సాపి, "ఎవురన్నా పోయినారాన్నా?" అని నీళ్ళిచ్చాడట. "ఎవురూ పోలేదప్పా, ఇది రెండో సీను" అన్నాడట ఈయన.

చిన్నాయన ఆదోనిలో తెలుగు అయ్యవారు. డెబ్బైల చివర్లో మద్రాసు నుంచి కెమెరాను, దాన్ని తిప్పే మనిషిని బాడుగకు తెచ్చి కరువు మీద చిన్న సినిమా తీశాడు. వానల్లేక ఒక రైతు ఇంటికి తాళమేసి, పెండ్లాంతో సుగ్గికి, అంటే దూరాన కూలి పనులకు, పోతాడు. అంతే కథ. ఎమ్మిగనూరు బడిలో పంతులమ్మనైన నాకు పెండ్లాం వేషం ఇచ్చాడు. మొగుడేమో ఊరవతలి మెట్టపల్లె రైతు, నాటకాల్లో పేరున్నవాడు. షూటింగు ఆయన ఇంటి ముందరే.

రాసినదాంట్లో పొల్లు మారినా చిన్నాయన ఊరుకునేవాడు కాదు. "తోచింది సెప్పేకి ఇది రచ్చకట్ట కాదు. రీలు అయిపోతే మళ్ళా మద్రాసుకు పోవాల" అనేవాడు. మా ఇద్దరికీ జగడం చివరి సీను దగ్గర. తాళం వేస్తూ నేను ఇంటితో పేజీడు మాట్లాడాలి. "ఇల్లా, నిన్ను ఒంటరిగా ఇడిచి పోతాండాము, మా మీద అలగొద్దు" అని మొదలు.

"ఇంటితో ఎవురన్నా మాట్లాడతారా చిన్నాయనా? తాళమేసి పోతారు, అంతే" అన్నాను.

"గడప ముందర నిలబడు, అప్పుడు తెలుస్తాది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆయనకదేం పట్టలేదు. చిన్నమ్మ తిడుతున్నా వినకుండా సీను కోసం తన ఇంటి తాళమే తెచ్చాడు.

చివరి సీను తీసే రోజు పొద్దున, వాన కోసం చేసే కప్పతల్లి సీను. రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి, ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళు పోయించుకోవాలి. రెండిళ్ళు చాలన్నాడు చిన్నాయన. వాళ్ళు ఒప్పుకుంటేనా! "ఇది ఉత్తుత్తికి సేసేది కాదు సామీ. ఎత్తుకున్నంక ఊరంతా తిరగాల్సిందే" అని ఒక్క ఇల్లూ వదల్లేదు. కెమెరా ఎప్పుడో ఆగిపోయింది. వాళ్ళు ఆగలేదు.

మధ్యాహ్నం చివరి సీను. నెత్తిన మూటతో మొగుడు, తాళంతో నేను. కెమెరా తిరుగుతోంది. తాళం పడింది. "ఇల్లా" అని నోరు తెరిచానో లేదో, చేతి మీద చినుకు! ఇంకోటి! మట్టి వాసన గుప్పుమంది. సీను కోసం నిలబెట్టిన జనమంతా "వానొచ్చె, వానొచ్చె" అంటూ చేన్లకు పరుగు. వెలుతురు చాలదని కెమెరా మనిషి మొత్తుకుంటున్నాడు. నా మొగుడు మూటను వీధిలో పడేసి, పంచె ఎగ్గట్టి పరుగు లంకించుకున్నాడు. అది నటన కాదు, ఆయన చేను నిజంగానే ఎండి ఉంది. నాకేం పూనిందో!

"ఓయప్పా! ఉత్త సేతుల్తో యాడికి పోతావు? ఇత్తనాలు ఈడుండాయి!" అని గావుకేక పెట్టి తాళం తీసేశాను.

తిడతాడనుకున్నాను. "ఆపొద్దు! తిప్పప్పా, తిప్పు!" అని వెనక నుంచి చిన్నాయన గొంతు. తను రాసిన కాగితాల కట్టనే కెమెరాకు గొడుగుగా పట్టి, సిరా కారుతుంటే గంతులేస్తున్నాడు. ఆయన్ను అంత సంతోషంగా మళ్ళీ చూడలేదు.

సాయంత్రం ఆ కాగితాలు ఆరబెట్టుకుని, నా కేకను ఉన్నదున్నట్టు అందులో రాసుకున్నాడు. రాసి, "ఇంక దీంట్లో ఒక్క మాట మార్సగూడదు" అన్నాడు! నవ్వలేక చచ్చాం. కానీ ఆయన రాయకపోయుంటే ఆ మధ్యాహ్నం నేనా గడప ముందర ఉండేదాన్నే కాదు, ఆ కేకా పుట్టేది కాదు. అదే ఆయనతో అంటే, "మల్ల?" అని, అంతేగా మరి అన్నట్టు మీసం దువ్వుకున్నాడు.

కర్మలన్నీ అయ్యాక, చిన్నమ్మ కొన్నాళ్ళు నా దగ్గర ఉంటుందని పిలుచుకుని బయల్దేరాం. "నువ్వెయ్యమ్మా" అని తాళం నా చేతిలో పెట్టింది. అదే తాళం. గొళ్ళెం పెట్టి వేశాను. జట్కా దగ్గర నుంచి తమ్ముడు పిలుస్తున్నాడు. నేను గడప వైపే తిరిగాను.

"ఇల్లా" అన్నాను. "నిన్ను ఒంటరిగా ఇడిచి పోతాండాము, మా మీద అలగొద్దు."

ఆ పేజీ అంతా చెప్పాను. ఆయన రాసినట్టే, ఒక్క మాట మార్చకుండా.