చెరపని తప్పు

పన్నెండేళ్లుగా అతను పొద్దున్నే చేసే పని ఒకటే. మొహం కడుక్కుని, కంప్యూటర్ తెరిచి, అక్కడా ఇక్కడా చదివిన వాటి లింకులు నాలుగైదు తన పేజీలో పెట్టడం, ఒక్కోదాని కింద రెండు ముక్కలు రాయడం. కొత్త ప్రోగ్రామింగ్ భాష వచ్చిందంటే దానిమీద ఒక విసురు. మంత్రి మాట మార్చాడంటే పాత మాటా కొత్త మాటా పక్కపక్కన. ఆదివారం ఫుట్‌బాల్‌లో తన జట్టు ఓడితే సోమవారం శవపరీక్ష. చదివేవాళ్లు మూడొందల మంది దాటరు. బావమరిది అతనికి 'లింకుల స్వామి' అని పేరు పెట్టాడు.

ఆ పేజీకి ఒక పద్ధతి ఉంది. రాసింది తప్పని తేలితే చెరపడు. దానిమీద అడ్డంగా గీత కొట్టి కింద ఒప్పు రాస్తాడు. 'ఈ కోచ్ నెల తిరక్కుండా ఇంటికి పోతాడు' అన్న వాక్యం మీద గీత. దాని కింద, 'కప్పు గెలిచాడు. నాకు ఆట తెలియదు.' తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లని అరిచేవాళ్ల మధ్య, నాలుగో కాలు కనపడితే ఒప్పుకునేవాడు ఒకడుండాలని అతని పట్టుదల. ఉండమని అతన్ని ఎవరూ అడగలేదు.

అతను పనిచేసే విభాగాన్ని కంపెనీ ఎత్తేసి ఏడు నెలలైంది. నలభై నాలుగేళ్ల ప్రోగ్రామర్ అంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లు ముందు జాలిగా చూస్తారు, తర్వాత గడియారం వైపు చూస్తారు. నర్సుగా చేసే భార్య వారానికి మూడు డబుల్ డ్యూటీలు చేస్తోంది. ఇంటికొచ్చి కాళ్లు గోడకి ఎత్తి పెట్టుకుని నేలమీదే పడుకుంటుంది.

చివరికి బావమరిది తన కంపెనీలో ఒక మాట వేశాడు. ఆసుపత్రుల రికార్డులు భద్రపరిచే సాఫ్ట్‌వేర్ వాళ్లది. మూడు ఇంటర్వ్యూలు గట్టెక్కాయి. సంతకం ఒక్కటే మిగిలిందనగా, శుక్రవారం పొద్దున ఫోన్. స్పీకర్ నొక్కాడు.

"బావా, మా కంపెనీ పేరు కొట్టి వెతికితే రెండోదే నీ పేజీ. 'చిల్లికుండలో నీళ్లు పోసుకునే సరదా ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ కొనుక్కోండి' అని రాశావు. ఆరేళ్లయింది. గుర్తుందా?"

"ఉంది. నేను పరీక్షించి చూస్తే ఒక రోజు రికార్డులన్నీ మింగేసింది."

"మింగిందో కక్కిందో, సాయంత్రం ఐదు లోపల అది కనపడకూడదు. తీసేస్తే ఆరింటికల్లా ఉద్యోగం ఆర్డర్ వస్తుంది. లేదంటే అక్కడ నా మొహం కూడా చెల్లదు."

"తీసేస్తారులేరా," అంది భార్య వంటింట్లోంచి. "మీ బావేమన్నా రాతిమీద చెక్కారా?"

తీసేద్దామనే కూర్చున్నాడు. కానీ నిజమైతే ఎలా తీస్తాడు? ఒకసారి చూసుకుందామని అటకమీది పాత లాప్‌టాప్ దింపాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా అందులోనే ఉంది. అప్పటి పరీక్షే మళ్లీ మొదట్నుంచీ చేశాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకి దొరికింది. ప్రతి సాయంత్రం రికార్డులకు కాపీ తీసే సెట్టింగును, వేగంగా నడుస్తుందని, ఆనాడు తనే ఆపేశాడు. ఆపి మర్చిపోయాడు. కుండకి చిల్లి లేదు. ఒంపింది తనే.

ఫోన్ చేసి చెప్తే బావమరిది ఎగిరి గంతేశాడు. "అబద్ధమేగా! ఇంకేం, పీకి పారెయ్."

"అబద్ధం కాదురా, తప్పు."

"ఏదైనా చెరిపితే పోతుంది."

"నమ్మినవాళ్ల బుర్రలోంచి పోదుగా! ఎనిమిది మంది దాన్ని తమ పేజీల్లో పెట్టుకున్నారు. ఉన్నట్టుండి మాయమైతే, మీవాళ్లు బెదిరించి తీయించారంటారు. మీ కంపెనీకే చెడ్డపేరు."

"మా కంపెనీ పేరు మా కంపెనీ చూసుకుంటుంది. నువ్వు మా అక్క సంగతి చూడు బావా."

నాలుగింటికి గీత కొట్టాడు. కింద రాశాడు: 'ఇది నా తప్పు. కాపీ తీసే సెట్టింగును నేనే ఆపాను. సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు.' చెరపడం కంటే ఇదే వాళ్లకి మేలు కదా, సంతోషిస్తారనే అనుకున్నాడు. పన్నెండేళ్లు లోకం మీద వ్యాఖ్యలు రాసినవాడికి లోకం అంత మాత్రమే అర్థమైంది.

ఐదూ నలభైకి ఫోన్ మోగింది. డ్యూటీకి తయారవుతున్న భార్య స్పీకర్ నొక్కింది.

"మా కంపెనీ పెద్దాయన చదివాడు బావా. 'నిజాయితీపరుడయ్యా' అన్నాడు."

"మరి?"

"'రేపు మన దగ్గర ఏదన్నా పొరపాటు జరిగితే ఇలాగే గీత కొట్టి ఊరందరికీ చూపిస్తాడా' అని కూడా అన్నాడు. ఇంకొకర్ని చూసుకుంటున్నారు."

అతను భార్య వైపు చూడలేదు. "ఇప్పుడు తీసేస్తే?"

"ఇప్పుడు తీసినా లాభం లేదు బావా. నువ్వెవరో తెలిసిపోయింది."

ఫోన్ పెట్టేశాక భార్య జుట్టు ముడి వేసుకుంటూ అడిగింది. కోపంగా కూడా కాదు. "ఇవాళ చూసినంత జాగ్రత్తగా ఆరేళ్ల కింద రాసేటప్పుడే చూసుకుంటే ఏం పోయేదండీ?"

తర్కంలో ఎక్కడా తప్పు లేని ప్రశ్న.

ఆమె తన ఫోన్ తీసి వార్డుకి చేసింది. "సిస్టర్, వచ్చే నెల డబుల్ డ్యూటీల్లో నా పేరు వద్దన్నాను కదా... ఉంచెయ్యండి." అవతలివాళ్లు ఏదో అడిగారు. అతను లాప్‌టాప్ మూత వేశాడు.

"ఆ, మూడూ," అంది ఆమె.