తిమ్మయ్య ఫోను అడిగిన అనుమతి

ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇంట పుట్టి కూడా స్వర్ణలత మగ్గం పట్టలేదు. పట్టలేకపోయింది అనడం సబబు. గంట కూర్చుంటే నడుము పట్టేసేది. ఇంట్లోవాళ్లు పెదవి విరిస్తే తనూ విరిచి, కర్నూలు వెళ్లి ఆరు నెలలు సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకుని, బస్టాండు పక్క సందులో కొట్టు తెరిచింది. ఆడమనిషి ఫోన్లు విప్పడమేమిటని నవ్విన మొనగాళ్లే, తర్వాత నీళ్లలో పడేసుకున్న ఫోన్లు పట్టుకుని ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆమెకు పేరు తెచ్చిన విద్య రూట్ చేయడం. ఫోను కొన్నది మనమే అయినా అందులో కొన్ని గదుల తాళాలు కంపెనీవాళ్ల దగ్గరే ఉంటాయి. అక్కర్లేని యాప్ తీసేద్దామంటే పోదు, చెరిగిపోయిన ఫైలు వెతుకుదామంటే లోపలికి రానివ్వదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అలాంటిది. రూట్ చేస్తే ఆ తాళాలన్నీ మన చేతికొస్తాయి. ఇక ఏ యాప్ లోపలికి పోవాలన్నా మనల్నే అడగాలి. తెర మీద దాని పేరు, కింద ‘ఇవ్వు’, ‘వద్దు’ అని రెండు బటన్లు కనిపిస్తాయి. పేరు తెలియనిదానికి ‘ఇవ్వు’ నొక్కరాదని స్వర్ణలత వచ్చిన ప్రతివాళ్లకూ విసుగు పుట్టేలా చెప్పేది.

ఆ ఎండాకాలంలో సిద్దమ్మ కొట్టుకొచ్చింది. వీధిలో స్వర్ణలత వాళ్లకు నాలుగిళ్ల అవతల ఉండే మనిషి, వరసకు పెద్దమ్మ. ఆమె భర్త తిమ్మయ్య పోయి ఇరవై రోజులయింది.

“ఇది ఆయన ఫోను, సొర్ణా. దీంట్లో ఆయన అంచు లెక్క ఉండాది. నేను ఆయన గొంతు ఇందామని ఏందో ఒత్తితి. అన్నీ పాయ.”

తిమ్మయ్యకు చూపు ఆనేది కాదు. పాతకాలపు కోటకొమ్మ అంచు నేసేటప్పుడు ఏ పోగులు ఎత్తాలో, ఏవి వదలాలో ముందే ఫోనులో చెప్పుకుని, దాన్ని మగ్గం గుంజకు వేలాడదీసి, తన గొంతు తనే వింటూ నేసేవాడు. చీర ఇంకా రెండు గజాలుందనగా గుండె ఆగి పోయాడు. ఆ వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. మనిషి సగంలో వదిలిపోయిన చీరను అదే అంచుతో ముగించి కోస్తే తప్ప, ఆ మగ్గానికి నిలువు దారాల కొత్త పడుగు అతకరు. సిద్దమ్మకు వేరే మగ్గం లేదు, వేరే పని రాదు. కూలికి నేయించే మేస్త్రీ ఇచ్చిన కొత్త పడుగు పది రోజులుగా మూలన పడి ఉంది. లెక్క దొరక్కపోతే అతను దాన్ని వెనక్కి తీసుకుపోతాడు.

“రూట్ చేసి ఎతుకుతా పెద్దమ్మా. రేపు కనపడు,” అంది స్వర్ణలత.

మధ్యాహ్నం ఎండకు సందులో పురుగు కూడా తిరగడం లేదు. చెరిగిన ఫైళ్లు ఒక్కొక్కటే పైకి తేలాయి. తిమ్మయ్య గొంతు కొట్టంతా నిండింది. “మూడు ఎత్తు. ఒకటి ఇడ్సు. రెండు ఎత్తు.” చివరి ఫైలు సగంలో ఆగింది. ఆ రెండు గజాల లెక్క ఆయన చెప్పకుండానే పోయాడన్నమాట. ఇక సిద్దమ్మకు ఏం చెప్పాలా అని స్వర్ణలత తల పట్టుకుంది.

అప్పుడు తెర వెలిగింది. ఎవరో లోపలికి రావడానికి అనుమతి అడుగుతున్నారు. పేరుండాల్సిన చోట ఖాళీ. ఆగిపోయిన ఫైలులోంచే ఆ గొంతు మళ్లీ వచ్చింది.

“దిగుదునా?”

నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంతలో, అది ఇంకొకరిదైతే, కాలు పెట్టేముందు అంచున నిలబడి అలా అడగాలి. అడిగినవాళ్లకు వద్దనడం ఆ వీధిలో లేదు. పెద్దవాళ్లు అడిగితే పిల్లలు ఆలోచించను కూడా ఆలోచించరు. నడిచినంత సులువుగా నేర్చిన మాట అది.

“దిగు పెద్దనాయనా,” అంది స్వర్ణలత. ఆ మాటతోపాటే ఆమె బొటనవేలు ‘ఇవ్వు’ నొక్కేసింది.

తెర ఆరిపోయింది. టైము నాలుగు. బ్యాటరీ ఊడదీసి, కొట్టు మూసి, ఆ ఫోను సంచిలో వేసుకుని నేరుగా సిద్దమ్మ ఇంటికి నడిచింది.

సిద్దమ్మ గడప మీద కూర్చుని ఉంది. లోపల మగ్గం ఆడుతోంది.

“ఎవురు పెద్దమ్మా నేసేది?”

“నేనే నిన్ను అడగల్లనుకుంటాండా.”

ఇద్దరూ తొంగిచూశారు. గుంతలో ఎవరూ లేరు. తొక్కుడు చెక్కలు ఒకటి విడిచి ఒకటి కిందికి దిగుతున్నాయి. దారం మోసే నాడె అటూ ఇటూ పోతోంది. జానెడు బట్ట కొత్తగా చేరింది. అంచు ఒక్క పోగు కూడా తప్పలేదు. స్వర్ణలత వీధిలోకి రెండడుగులు వెనక్కి వేసింది. సిద్దమ్మ మాత్రం కొంగు నడుముకు చుట్టి నాడెకు దారం కండెలు చుట్టడానికి కూర్చుంది.

“భయపడాకు. శీర అయ్యేదాకా ఆడనీ.”

అలా రోజూ నాలుగింటికి మొదలై దీపం పెట్టేవేళకు ఆగేది. సిద్దమ్మ పక్కనే కూర్చుని దారం అందించేది, బట్ట ఎంతయిందో జానతో కొలిచేది. ఆరో రోజుకు చీర అయిపోయింది. ఆమె చీర కోసి, మడత పెట్టి, దండం పెట్టుకుంది. అక్కడితో కథ కంచికి చేరాలి.

ఏడో రోజు పొద్దున్నే సిద్దమ్మ మళ్లీ కొట్టుకొచ్చింది. మనిషి ఒక్క పూటలో నల్లబడిపోయింది.

“ఆయన మగ్గం ఇడ్సల్యా, సొర్ణా. పడుగు అతుకుదామని చెయ్యి పెడితే నాడె ఇసిరి కొడతాండాది. దిగుదునా అని అడిగితి. ఉండు అనె. రాత్రి నుంచి ఉత్తదే ఆడతాండాది. మేస్త్రీ రేపొస్తాడు. నేనేం తినల్ల, యాడికి పోవల్ల?”

స్వర్ణలత ఫోనుకు బ్యాటరీ పెట్టింది. అనుమతుల పట్టీలో పేరులేని వరస ఒక్కటే ఉంది. ‘వద్దు’ నొక్కింది. అది తనంతట తానే ‘ఇవ్వు’కు తిరిగింది. పదిసార్లు నొక్కింది, పదిసార్లూ తిరిగింది. ఊళ్లో ఎవరి ఫోనైనా చెప్పుచేతల్లో పెట్టుకునే మనిషి ఆ చిన్న తెర ముందు చేతకానిదై కూర్చుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. చివరికి జరిగింది దాచలేక చెప్పేసింది.

“దిగమన్నది నేనే పెద్దమ్మా.”

సిద్దమ్మ తిట్టలేదు. “దిగమన్నోళ్లే లెయ్యమనల్ల. రా.”

ఇంటికి పోయేసరికి మగ్గం మోత వీధి మొదటికే వినిపిస్తోంది. పడుగు లేదు, దారం లేదు, ఉత్త కొయ్యల చప్పుడు. పక్కింటివాళ్లు తలుపులు వేసుకున్నారు. స్వర్ణలత గుంత అంచున నిలబడింది. చిన్నప్పుడు ఈ గుంతలోనే తిమ్మయ్య ఒళ్లో కూర్చుని నాడె లాగిన సంగతి మనసులో మెదిలింది. సిద్దమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

“పెద్దనాయనా, శీర అయిపాయ. లెయ్యి.”

తొక్కుడు చెక్క సగంలో ఆగింది. తర్వాత మెల్లగా పైకి లేచింది. ఎవరో బరువు తీసుకుని పక్కకు తప్పుకున్నట్టు గుంత అంచు మన్ను కొంచెం రాలింది. ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు.

సిద్దమ్మ ఈసారి అడగకుండానే గుంతలోకి దిగింది. మూలనున్న పడుగు అందుకోబోయి, కాళ్లు చెక్కల మీద పెట్టి, అలాగే ఉండిపోయింది.

“ఎచ్చగా ఉండాయి, సొర్ణా,” అంది. “ఇన్ని దినాలు ఈ పక్కనే కూచున్న్యా. శీర ఎంతయ్యె, ఎంతయ్యె అని అదే సూస్కుంటి. నీళ్లు తాగుతావా అని ఒక్కతూరి అడగకపోతినే ఆయన్ను.”

స్వర్ణలత గుంత అంచున కూర్చుని ఏడ్చింది.