అత్తయ్య గుమ్మంలో గుప్పెడు బియ్యం

దయ్యాలనీ మహిమలనీ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఏలూరులో సైన్సు టీచర్ని. ఆదివారం చర్చికి వెళతాను గానీ, అద్భుతాలన్నీ బైబిల్లోనే అయిపోయాయని నా నమ్మకం.

మా మేనత్త వేరు. తాడేపల్లిగూడెం దగ్గర ఇరవై ఎకరాల ఇంటి ఆడపడుచు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఒక టీచరమ్మ ఆమెకు ఐర్లండు కథ చెప్పిందట. వెయ్యేళ్ల కిందట అక్కడొక దొరగారి కూతురు పెళ్లి వద్దని, నగలన్నీ ఇచ్చేసి, సరస్సు మధ్య లంకలో ఒంటరిగా ప్రార్థన చేసుకుంటూ బతికిందట. రోజూ ఆమె గుమ్మంలో ఎవరో రొట్టె పెట్టి వెళ్లేవారట. ఆ కథ అత్తయ్యను వదల్లేదు. యాభయ్యో ఏట పొలం తమ్ముళ్లకు రాసిచ్చి, కొల్లేటి లంకలో గుడిసె వేసుకుంది. పిచ్చి పట్టిందన్నారు మావాళ్లు. నేనూ అన్నాను.

ఆమెకు బియ్యం చేర్చే పని మాత్రం నామీద పడింది. నేనూ ఒంటిదాన్నే. నాతో వచ్చి ఉండమని బతిమాలాను. రానంది. అలిగి వచ్చేశాను.

ఆ వానాకాలం కొల్లేరు పొంగింది. అత్తయ్య దగ్గర రెండు రోజుల బియ్యమే ఉందని నాకు తెలుసు. నాలుగో రోజుకే దోనెలు తిరుగుతున్నాయని విన్నాను. అయినా వెళ్లలేదు. స్కూల్లో పరీక్షలని సాకు చెప్పుకున్నాను. నిజానికి కోపం.

మా ఇళ్లలో ఆడవాళ్లు రోజూ వంటకు ముందు చర్చి కోసం గుప్పెడు బియ్యం తీసి పక్కన పెడతారు. పై అరలోని డబ్బాలో చూడకుండానే వేసేదాన్ని. వేసినప్పుడల్లా అత్తయ్య గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు.

పదో రోజు ఉండబట్టలేక బియ్యం సంచితో బయల్దేరాను.

"అటు ఎవరూ వెళ్లలేదండీ. మీరొస్తారనుకున్నామండీ," అన్నాడు దోనె నడిపే ఆయన, నావైపు చూడకుండా.

గుడిసెలోకి వెళ్లాను. అత్తయ్య పొయ్యి దగ్గర గంజి వారుస్తోంది.

"రామ్మా. రోజూ గుమ్మంలో గుప్పెడు బియ్యం పెట్టి వెళ్లిపోయేదానివి. ఒక్కరోజైనా పలకరించలేదేమే? ఎంత పిలిచినా వెనక్కి తిరగలేదు. అంత కోపమా నామీద?"

బియ్యం సంచి పొయ్యి పక్కన దించాను.

సాయంత్రం ఇంటికొచ్చి డబ్బా దించాను. కొల్లేరు పొంగే ముందురోజే ఆ నెల బియ్యం చర్చికిచ్చి ఖాళీ చేశాను కాబట్టి పది గుప్పెళ్లు ఉండాలి. అడుగున ఒక్కటే ఉంది, ఆ పొద్దున వేసింది. ఎలుకలనుకుందామంటే బిగుతు మూత. ఇంటి తాళం వేసిందీ తీసిందీ నేనే.

అత్తయ్య పోయి ఏడాదైంది. ఆ తొమ్మిది రోజులూ ఆ గుమ్మం దాకా ఎవరు వెళ్లారో ఇప్పటికీ చెప్పలేను. నేను మాత్రం వెళ్లలేదు. ఆ మాట ఆమె పోయేదాకా ఆమెతో అనలేకపోయాను.