మోచేతి మచ్చ

వీధిలో అందరూ ఆయన్ని మెరుపు అనే పిలుస్తారు. బోర్డులు రాసే పని. బీటలు పడ్డ గోడైనా, తుప్పు పట్టిన షట్టరైనా ఆయన చెయ్యి పడిందంటే పెళ్లికొడుకైపోవాల్సిందే. ఒక్క గీత కనబడనివ్వడు. దిగిన నిచ్చెన మళ్లీ ఎక్కి మరీ దిద్దుతాడు. అలాంటి మనిషికి సొంత బావ నోట ఒక్క మెచ్చుకోలు దక్కలేదు, పాపం. ఉన్న బెంగల్లా అదే.

బావది సెలూన్. బేరాలు లేనప్పుడు వాకిట్లో బెంచీ మీద కూర్చుని గిటార్ మీద బ్లూస్ అనే పాత అమెరికా పాటలు వాయించేవాడు. దిగులు పాటలని పేరే గాని, వింటూంటే గడ్డం గీయించుకోవడానికి వచ్చినవాళ్ల కాళ్లు ఊరుకునేవి కావు. ఈమధ్య గిటార్ మెడ వంగిపోయింది. బాగుచేసేవాళ్లు పెదవి విరిచారు. బావ ముఖంలో కళ తప్పింది.

"ఒరేయ్, దాని బొమ్మ బెంచీ వెనక గోడ మీద వెయ్యరా. ఉన్నదున్నట్టు," అన్నాడు ఓ రోజు.

మెరుపుకి అంతకన్నా ఏం కావాలి! తేనెరంగు, ఆరు తీగలు, అద్దంలాంటి నునుపు.

బావ ఎగాదిగా చూశాడు. "బాగుంది. ఎవరిదిరా ఈ గిటార్?"

"నీదే బావా!"

"నాది ఇంత కొత్తగా ఎప్పుడుంది?"

గుమ్మంలో నిలబడ్డ అక్క పకపకా నవ్వింది. "మీ బావ మోచెయ్యి రాసుకుని రాసుకుని అక్కడ రంగే పోయింది కదరా. కింద సొట్ట నేను గరిటె విసిరినప్పటిది. రెండూ మింగేశావు!"

కొత్తగా చెయ్యడం మెరుపుకి వెన్నతో పెట్టిన విద్య. పాతగా చెయ్యమంటేనే చుక్కలు కనబడ్డాయి. సొట్ట తేలిగ్గానే వచ్చింది, ఎంత లోతో అక్క పక్కన నిలబడి గర్వంగా చెప్పింది గనక. మోచేతి మచ్చ మాత్రం ఎలా వేసినా అతికించినట్టే ఉంది. విసుగొచ్చి దాని మీద మళ్లీ తేనెరంగు పూసేసి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి బావ బెంచీ చివర కూర్చుని, మోచెయ్యి గిటార్ బొమ్మకి ఆనించి, కళ్లు మూసుకుని కూనిరాగం తీస్తున్నాడు. కాలు తాళం వేస్తోంది. తాళానికి తగ్గట్టు మోచెయ్యి గోడ మీద ఊగుతోంది.

"తడి బావా, తడి!" మెరుపు కుంచె పట్టుకుని పరిగెత్తాడు.

బావ ఉలిక్కిపడి లేచాడు. చొక్కా చేతి నిండా తేనెరంగు. గోడ మీద, సరిగ్గా ఉండాల్సిన చోట, అంచులు చెదిరిన మచ్చ. అలవాటు కొద్దీ కుంచె దాని మీదకే వెళ్లింది. అంతలో మెరుపు ఆగాడు. కుంచె పక్కన పెట్టి, రంగుడబ్బా మూత బిగించాడు.

"ఇప్పుడు నాదేరా," అన్నాడు బావ. "బాగా వేశావు."

మెరుపు ముఖం వెలిగిపోయింది. "వేసింది నువ్వేగా బావా."

"ఎవరు వేసినా సరే," అంది అక్క, "ఆ చొక్కా ఉతికేది మాత్రం నేను కాదు."