పేరు రాయని క్యాసెట్

మా చిన్నప్పుడు... జగ్గయ్యపేటలో మా ఇంట్లో ఖాళీ క్యాసెట్ కొనే అలవాటే లేదు. పాతదాని మీదే కొత్త పాటలు ఎక్కించుకోవడం. గూట్లో చెయ్యి పెట్టి, పేరు రాయనిది ఏది దొరికితే అది రికార్డింగ్ షాపుకి పట్టుకెళ్ళేవాళ్ళం. పేరుంటే ఒకరిది... లేకపోతే అందరిదీ.

మా పెదనాన్న ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాటా దగ్గర పనిచేసేవాడు. పెళ్ళికి ముందు మాత్రం భుజాల దాకా జుట్టు, ఎలక్ట్రిక్ గిటారు, తెలుగులో సొంత రాక్ పాటలు... అప్పట్లో ఒక క్యాసెట్ కూడా వచ్చిందట. "ఆ గోలకి గేదెలు పాలు చేపడం మానేసినయ్యిరా" అనేది నాయనమ్మ.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి, జుట్టంతా ఊడాక, ఆయనకి మళ్ళీ పాట పుట్టింది. పాత బ్యాండు స్నేహితులిద్దరినీ పోగేసి, చిల్లకల్లులో మూతబడ్డ రైసుమిల్లులో ఆదివారాలు వాయించి ఎనిమిది పాటలు రికార్డు చేశాడు. విజయవాడలో క్యాసెట్లు విడుదల చేసే ఒకాయన వింటానన్నాడు. ఎవరూ చెరపకుండా ఆ ఒక్క క్యాసెట్ వెనక చెవులు రెండూ తనే విరగ్గొట్టి మా గూట్లో పెట్టాడు.

"పేరేం పెట్టావన్నయ్యా?" అని నాన్న అడిగాడు.

"కుదరాలిగా... కుదిరాక రాద్దాంలే."

ఆ మాట నేను వినలేదని చెప్పుకోవచ్చు. విన్నాను. పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను.

నాలుగు రోజుల తర్వాత నందిగామలో డాన్సు పోటీ అన్నారు. హడావుడిలో గూట్లో చెయ్యి పెట్టాను... పేరు లేనిది దొరికింది. డాన్సు పాటతో మొదలుపెట్టి రెండు పక్కలా నిండా సినిమా పాటలు ఎక్కించమన్నాను. షాపతను అలవాటుగా ఆ చెవుల చిల్లులకి ప్లాస్టర్ అంటించి ఎక్కించేశాడు. తెచ్చి మళ్ళీ గూట్లోనే పెట్టాను.

ఆదివారం విజయవాడ బయల్దేరేముందు ఒక్కసారి విందామని పెదనాన్నా, స్నేహితులిద్దరూ టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చున్నారు. నా డాన్సు పాట మొదలైంది.

పెదనాన్న ఆపలేదు. పాట అయ్యేదాకా విన్నాడు.

"రికార్డింగ్ బానే వచ్చిందే. నీదేనా అమ్మాయ్?"

"ఊఁ."

క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టాడు. తిట్టలేదు. నాకూ ఏడుపు రాలేదు... చెయ్యి చాపి తీసుకున్నాను, అంతే. మళ్ళీ వాయిద్దాంరా అన్నారు స్నేహితులు. "చూద్దాంలే" అన్నాడు. మర్నాడు కాటా దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ మిల్లుకి మళ్ళీ వెళ్ళలేదు.

నందిగామలో నాకు రెండో బహుమతి వచ్చింది. స్టీలు గ్లాసు. పెదనాన్న డ్యూటీ మానుకుని వచ్చి చప్పట్లు కొట్టాడు.

రెండో పక్క చివర, సినిమా పాటలు అయిపోయాక, ఆయన గిటారు కాస్త మిగిలింది. అర నిమిషం ఉంటుందేమో. క్యాసెట్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది... వేసి వినడానికి టేప్‌రికార్డర్ లేదు. మొన్న ఇంటికెళ్ళినప్పుడు అడిగాను, ఇప్పుడైనా పేరు చెప్పు పెదనాన్నా, రాస్తాను అని.

"దాన్నిండా నీ పాటలేగా తల్లీ... నీ పేరే రాసుకో."

ఇప్పుడు ఫోన్లో ఏది చెరపాలన్నా నిజంగా చెరపమంటావా అని అడుగుతుంది... అప్పట్లో గూడు ఏమీ అడగలేదు. మీరూ ఎవరి పాట మీదైనా మీ పాట ఎక్కించారా? ఎక్కించి ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలుసుకోవాలనుంది.