టీ కణాల సైన్యంతో గిద్దలూరు బస్సులో

గోరంతను కొండంత చేయడం నా అలవాటు, ముందే ఒప్పుకుంటున్నాను. టీకాలు వేస్తున్న రోజుల్లో గిద్దలూరు బస్సెక్కి, కరోనా వచ్చిపోయిన నా ఒంట్లో రోగాన్ని గుర్తుపట్టి చంపే టీ కణాలు కోట్లలో కత్తులు నూరుతున్నాయని, ఇక సూది దేనికని బస్సదిరేలా గొప్పలు పోయాను.

పక్కసీటులోని కొమరోలు రైతక్క నెమ్మదిగా అంది: "మా తమ్ముడూ ఇట్లనే అన్నాడన్నా. రెండోసారి వచ్చింది, మనిషి దక్కలేదు. రోగం వచ్చిపోతే మిగిలే బలం మన వాన మాదిరి. ఒక చేను తడుస్తాది, పక్క చేను తడవదు. నీది ఎంత తడిసిందో ఎట్ల తెలుస్తాది? పైన ఒక తడి బోరునీళ్లు పెట్టుకుంటే పోయేదేముంది?"

మాస్కు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది.

నేను దిగీదిగగానే ఆసుపత్రికి పరుగెత్తాను. ఈ పరుగొక్కటే కల్పన. సూదంటే భయం, మర్నాడు మా ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లాను.