వెనక రెండు బ్రాకెట్లు

రెయినో హాకలా మా ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు వెల్డింగ్ చేశాడు. మాటల విషయంలో పరమ పిసినారి. పొద్దున్న పలకరిస్తే "ఆఁ" అంటాడు, మళ్ళీ మధ్యాహ్నం దాకా నోరు తెరవడు. ఇనుము దగ్గర మాత్రం వల్లమాలిన చాదస్తం. తుప్పు గీకకుండా తొందరగా అతికించమని ఎవరైనా అడిగితే, ముఖానికున్న ముసుగు తీసి వాళ్ళ చేతిలో పెట్టి "నువ్వే అతికించుకో" అనేవాడు. నేను ఆయన పక్కింటివాణ్ణి. ఆ ముసుగు నా చేతిలోనూ రెండుసార్లు పెట్టాడు.

వెయికో లహ్తి ఇళ్ళు కట్టే వడ్రంగి. రెయినోకి బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న స్నేహితుడు. నలభై ఏళ్ళుగా ప్రతి శనివారం ఇద్దరూ వెయికో పెరట్లోని సౌనాలో, అదే, ఆవిరి స్నానాల కొట్లో, చెమటోడ్చుకుని, తర్వాత కాఫీ తాగేవాళ్ళు. ఆ కొట్లో గొంతు పెంచకూడదు, అబద్ధమాడకూడదు. ఫిన్లాండ్ నుంచి అమెరికాకి వచ్చిన మా తాతలు పెట్టిన కట్టుబాటు అది. చర్చిలో అబద్ధమాడేవాళ్ళు కూడా అక్కడ ఆడరు.

ఓ వేసవిలో వెయికో పికప్ ట్రక్కు కొన్నాడు. ఇరవై అడుగుల దూలాలు మోయడానికి తొట్టి మీద, డ్రైవరు తల పైదాకా, ర్యాక్ కావాలన్నాడు.

"తొట్టి అంచుల మీద నాలుగు కాళ్ళు నిలబెట్టి బోల్టులు బిగించెయ్యరా, చాలు. అందరూ అదే చేస్తున్నారు."

"అందరూ వెధవలే. అది రేకురా, ఇనుము కాదు. దూలాలెక్కించి ఓసారి గట్టిగా బ్రేకు కొట్టు, కాళ్ళు రేకు చీల్చుకుని ఊడొస్తాయి."

"అయితే నన్నేం చెయ్యమంటావు?"

"నువ్వేం చెయ్యక్కర్లేదు. నాలుగు రోజులు బండి ఇక్కడ వదిలేసి, నోరు మూసుకుని ఇంటికి పో."

ఆ నాలుగు రోజులూ రెయినో బండి కిందే కాపురం పెట్టాడు. ఒక్కో కాలి కింద మందపాటి ఇనుప పలక పరిచాడు. ఆ పలక నుంచి కింద బండి ఇనుప చట్రం, అదే, ఛాసిస్ దాకా బరువు దిగేలా, రెండేసి ముక్కలు కలిపి వెల్డింగ్ పెట్టి, మోచేతిలా వంగిన నాలుగు బ్రాకెట్లు తయారుచేశాడు. ఛాసిస్‌కి మంట తగిలితే దాని గట్టితనం పోతుందని అక్కడ వెల్డింగ్ పెట్టలేదు, బోల్టులే వేశాడు. తొట్టి గోడలు బయటికి విచ్చుకోకుండా లోపలివైపు పొడవునా కోణపు కడ్డీలు బిగించాడు. చివరికి రెయినో, వెయికో ఇద్దరూ ర్యాక్ ఎక్కి గంతులేశారు. రెయినో భార్య ఐలీ కిటికీలోంచి అరిచింది: "దిగండయ్యా! నడుములు విరగ్గొట్టుకుంటే ఇద్దరికీ చాకిరీ చెయ్యలేక నేను చావాలి!" రెయినో నవ్వడం నేను చూసింది తక్కువ. ఆ రోజు నవ్వాడు.

మరుసటి ఏప్రిల్లో, చర్చి హాలు కప్పుకి దూలాలు తీసుకెళ్తూ, గనికొండ మలుపులో వెయికో బ్రేకు కొట్టాడు. వెనక రెండు కాళ్ళూ తొట్టిని చీల్చుకుని లేచాయి. దూలాలన్నీ రోడ్డు మీద పడ్డాయి. వెనకే కారులో వస్తున్న లెంపీ టీచరు కాలు మూడు చోట్ల విరిగింది. బడిలో మా పిల్లలందరికీ చదువు చెప్పిన మనిషి. మళ్ళీ కర్ర లేకుండా నడవలేదు.

మర్నాడు చూద్దామని రెయినో పరుగున వెళ్ళేసరికి ట్రక్కు లేదు. పాత ఇనుము కొనేవాడు అప్పటికే పట్టుకెళ్ళి నుగ్గు చేశాడట. "వెనక బ్రాకెట్ల అతుకు విడిపోయిందిరా," అన్నాడు వెయికో, కళ్ళు నేలకేసి. "నీ తప్పని నేననను. ఎవరికైనా జరుగుతుంది." బీమావాళ్ళకి కూడా అదే చెప్పాడు. ఊళ్ళో అందరికీ అదే చెప్పాడు, పైగా ప్రతిసారీ "పాపం రెయినో" అని చేర్చి మరీ.

రెయినో ఆ మాట నమ్మాడు. ఎందుకు నమ్మడు? చెప్పింది వెయికో. పైగా ఆ రెండిటికీ వెల్డింగ్ పెట్టిన రోజే ఆసుపత్రి నుంచి ఐలీ పరీక్షల కబురు రావాల్సి ఉంది. కబురు మంచిదే వచ్చింది. కానీ ఆ పూట తన ధ్యాస పని మీద లేదని రెయినో తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. షెడ్డుకి తాళం వేశాడు. బడిలో నేల తుడిచే పనిలో చేరాడు. లెంపీ టీచరు కర్ర చప్పుడు వినిపిస్తే గది మార్చేవాడు. సిగ్గుతో శనివారాలు వెయికో ఇంటికి వెళ్ళడమూ మానేశాడు. గేటు గొళ్ళెం ఊడిపోతే అతికించమని అడిగాను. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని "నా చేతులు మంచివి కావురా ఎల్మర్" అన్నాడు.

"నీ తప్పు కాదు రెయినో," అనేవాణ్ణి నేను. వారానికి ఒకసారైనా అనేవాణ్ణి.

రెండేళ్ళు ఇలాగే గడిచాయి. వెయికోకి అరవై ఐదు నిండాయి. సౌనా కొత్తగా కట్టుకున్నాడు, రమ్మని బతిమాలాడు. ఐలీ తిట్టి మరీ పంపింది. ఆ మర్నాడు పొద్దున్నే రెయినో నా వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. జరిగింది ఆయన నోటితోనే విన్నాను.

ఇద్దరూ పై బల్ల మీద కూర్చున్నారట. ఆవిరి కోసం పొయ్యి మీది వేడి రాళ్ళ మీద నీళ్ళు పోసి, గరిట కింద పెట్టబోతూ రెయినో బల్ల అడుగున చెయ్యి ఆన్చాడు. వేళ్ళకి వెల్డింగ్ కుట్టు తగిలింది. తడిమి చూశాడు. వంగి చూశాడు. బల్లని గోడకి పట్టి ఉంచినవి మోచేతిలా వంగిన రెండు బ్రాకెట్లు.

"ఒరేయ్, ఇవెక్కడివిరా?"

వెయికో గరిట అందుకుని రాళ్ళ మీద మళ్ళీ నీళ్ళు పోశాడు.

"నా చేతి కుట్టు నాకు తెలీదనుకున్నావా? ఎక్కడా విడిపోలేదే?"

అక్కడ అబద్ధమాడకూడదు. ఆడలేదు. మంచు మీద పరుగెత్తే బండిని మోసే ట్రైలరు తగిలించే కొక్కెం బిగించడానికి వెనక ఆ రెండు బ్రాకెట్లూ అడ్డొచ్చాయి, విప్పేశాను, అన్నాడు. తర్వాత బిగిద్దామనుకున్నాను, మర్చిపోయాను, అన్నాడు. బీమావాళ్ళకి తెలిస్తే తనని ముంచేస్తారని భయపడి బండిని తనే నుగ్గు చేయించానన్నాడు.

"మరి వీటిని ఎందుకుంచావురా?"

"మంచి ఇనుమురా. పారెయ్యబుద్ధి కాలేదు."

మా ఊళ్ళో పుట్టినవాడే ఇలా దొరికిపోతాడు. ఇక్కడ ఇనుప ముక్క పారేయడం పాపం. వెయికో భార్య గాజు సీసా మూతలు కూడా దాస్తుంది. ఎంత తెగించినవాడు! రెండేళ్ళు స్నేహితుడి చేత నేల తుడిపించి, వాడు చేసిన బ్రాకెట్ల మీద హాయిగా కూర్చుని చెమటోడ్చుకున్నాడు. నేను వంటింటి బల్ల మీద గుద్ది వెయికోని నోటికొచ్చినట్టు తిట్టాను. రెయినో తల ఊపుతూ విన్నాడు. ముఖంలో రెండేళ్ళుగా లేని తేట కనిపించింది.

"ముందు నీకే చెప్పాలనొచ్చాను," అన్నాడు. "నా తప్పు కాదన్నవాడివి నువ్వొక్కడివే. ఐలీ కూడా ఆ మాట అనలేదు. అంత గట్టిగా ఎలా అనేవాడివిరా?"

నీ పనితనం మీద నమ్మకంరా, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే సరిపోయేది. ఎందుకనలేకపోయానో ఇప్పటికీ తెలియదు.

ఏటా అక్టోబరులో, మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలుకాకముందే, తుప్పు పట్టకుండా ఊళ్ళో బండ్ల అడుగున నూనె కొట్టేది నేనే. ర్యాక్ కట్టిన ఏడు వెయికో ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని నూనె కొడుతూ పైకి చూశాను. వెనకవైపు రెండు బ్రాకెట్లు ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రాలు. ఎవడి బండి వాడిష్టం, మనకెందుకు అనుకున్నాను. రంధ్రాల మీద కూడా నూనె కొట్టి పైకి లేచాను. టీచరు కాలు విరిగాక చెబితే, మరి ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. వెయికోకి పనిబండ్లే ఐదున్నాయి. అన్నీ నా దగ్గరికే వస్తాయి.

ఇదంతా చెప్పాను. రెయినో వినేసి కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

"వెయికో నాకు అబద్ధం చెప్పాడు," అన్నాడు. "భయపడ్డాడు, చెప్పాడు. నువ్వు నన్ను ఓదార్చావురా. నేను నీ దగ్గర ఏడ్చాను."

కుర్చీ శబ్దం కాకుండా వెనక్కి జరిపి, తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం వెయికో చర్చిలో లేచి నిలబడి అందరి ముందూ ఒప్పుకున్నాడు. రెయినో షెడ్డు తెరిచాడు. మొన్న వేసవిలో వెయికో కొత్త ట్రక్కుకి ర్యాక్ కట్టిచ్చాడని విన్నాను. నా బండికి పొగగొట్టం ఊడిపోతే నలభై మైళ్ళు పోయి పక్క ఊళ్ళో అతికించుకొచ్చాను.